గృహహింసయు సేవాశిక్షణయు

“ఇంటిగుట్టు లంకకు చేటు” అను సామెత మన యిండ్లలో తరచుగ వినబడుచుండును. భర్తచేత దెబ్బలు తిన్న ఇల్లాలు పొరుగింటి గడప తొక్కినప్పుడును, పుట్టింటికి కబురంపినప్పుడును, ఆసుపత్రిలో నర్సుతో నిజము చెప్పబోయినప్పుడును ఈ సామెతయే ఆమె నోటికి తాళము వేయుచున్నది. దీనిని ప్రయోగించువారు దాని వెనుకనున్న కథను మాత్రము మరచుచున్నారు. లంకకు చేటు తెచ్చినది విభీషణుని మాటయా, రావణుని చేష్టయా యని యొక్కసారి ఆలోచించినచో, గుట్టు విప్పినవారిపై నేరము మోపు అలవాటు ఎంత అన్యాయమైనదో తెలియగలదు.

ఆ గడప దాటి వచ్చిన స్త్రీ ఎవరో యొకరి యెదుట నిలుచును. ఠాణాలో కానిస్టేబులు గావచ్చును. ఆసుపత్రిలో నర్సు గావచ్చును. సేవాసంఘమున కార్యకర్త గావచ్చును. ఆ మొదటి మనిషి అడుగు మొదటి ప్రశ్నపై ఆమె తరువాతి జీవితము చాలవరకు ఆధారపడియున్నది. “నీవేమి చేసితివని కొట్టినాడు?” అని అడుగుట యొక మార్గము. “ఈ రాత్రి నీవెక్కడ క్షేమముగ నుండగలవు?” అని అడుగుట మరియొక మార్గము. మొదటి ప్రశ్ననుండి రెండవ ప్రశ్నకు వచ్చుటకు సేవావృత్తికి దాదాపు నూరేండ్లు పట్టినది. ఆ నూరేండ్ల కథయే ఈ వ్యాసమునకు విషయము. ఇందు చదువరులు ముఖ్యముగ గమనింపవలసిన దొకటి కలదు. సేవకులలో దయ యెన్నడును కొరవడలేదు. వినుటకు వలసిన విద్య కొరవడినది. ఆ విద్యను వారికి మొట్టమొదట నేర్పినవారు దెబ్బలు తిన్న స్త్రీలే.

మన సంస్కర్తలతో ప్రారంభింతము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించిరి. పండిత రమాబాయి 1889లో బొంబాయి నగరమున శారదాసదనమును నెలకొల్పిరి. పోషించువాడు లేని స్త్రీకి నీడ కల్పించుట ఆనాటి ఉద్యమము గుర్తించిన ధర్మము. పోషించువాడే బాధించుచున్న స్త్రీ సంగతి వేరు. ఆమెకు ఇల్లున్నది, పసుపుకుంకుమలున్నవి, లోకముదృష్టిలో ఆమెకు లోటు లేదు. కావున ఆమె దుఃఖము సంస్కరణోద్యమమున ప్రత్యేకస్థానము నొందుటకు చాలకాలము పట్టినది. పాశ్చాత్యదేశములందును ఆమె స్థితి ఇంతకన్న మెరుగుగ లేకుండెను. సేవను వృత్తిగ మలచి, దానికి పాఠశాలలు పెట్టినవి ఆ దేశములే గనుక ముందుగ అచ్చటి సంగతి చూతము.

ఇంగ్లండులో ఫ్రాన్సెస్ పవర్ కాబ్ అను విదుషీమణి 1878లో భార్యాహింసనుగూర్చి యొక తీవ్రమైన వ్యాసమును ప్రకటించెను. ఆ సంవత్సరముననే అచ్చటి పార్లమెంటు వివాహసంబంధమైన చట్టమును సవరించి, భార్యను ఘోరముగ కొట్టి శిక్ష పొందిన భర్తనుండి ఆమె వేరుగ నివసించుటకు ఉత్తరువు నిచ్చు అధికారమును మేజిస్ట్రేటుల కొసంగెను. చట్టమేమో వచ్చినది. న్యాయస్థానము మెట్లెక్కిన స్త్రీతో మాటలాడవలసినవా రెవరు? ఆ పని మద్యపాననిరోధక సంఘమువారు పంపిన మతప్రచారకుల చేతిలో పడెను. 1876లో ఫ్రెడరిక్ రైనర్ అను ముద్రాపకుడు ఇంగ్లండు చర్చివారి మద్యపాననిరోధక సంఘమునకు ఐదు షిల్లింగులు పంపి, పోలీసుకోర్టులలో చిక్కిన దీనుల నుద్ధరింప గోరగా, ఆ సంఘము తన ప్రచారకులను కోర్టులకు పంపసాగెను. 1907 నాటి చట్టముచే ప్రొబేషను ఆఫీసరు ఉద్యోగ మేర్పడినప్పుడు దానికి మూలపురుషులు వీరే.

ఈ ప్రచారకులు సజ్జనులు. వారికి తెలిసిన ఔషధములు మాత్రము రెండే: మగనిచేత కల్లు మాన్పించుట, ఆలుమగలను రాజీచేయుట. భార్య వేరుకాపుర ముత్తరువు కొరకు వచ్చినచో, మేజిస్ట్రేటు ఆమెను ప్రచారకుని యొద్దకు పంపును. అతడు ఇంటికి పోయి భర్తకు బుద్ధి చెప్పి, భార్యకు ఓర్పు బోధించి తిరిగి వచ్చును. ఎందరు మరల కలిసిరన్నదే అతని పని ఫలించినదనుటకు కొలత. కలిసిన పిదప ఆ యింట ఏమి జరిగినదో లెక్కించు పద్ధతి లేకుండెను. ఆ లెక్క లేకుండుటయే తరువాతి తప్పులన్నిటికిని మూలము. 1937 నాటి చట్టము ఇంగ్లండులో ఈ రాజీపనిని ప్రొబేషను ఆఫీసర్ల విధులలో నొకటిగ స్థిరపరచెను.

అమెరికాలో సేవ శాస్త్రరూపమును దాల్చెను. 1898లో న్యూయార్కు నగరమున ధర్మసంస్థల కార్యకర్తల కొరకు వేసవి పాఠశాల యొకటి వెలసినది. 1910లో బఫెలో నగరమున కుటుంబవివాదముల కొరకే ప్రత్యేక న్యాయస్థాన మేర్పడినది. 1917లో మేరీ రిచ్మండ్ అను విదుషి “సోషల్ డయాగ్నోసిస్” అను గ్రంథమును ప్రకటించి, సేవకురాలు ఒక కుటుంబమునుగూర్చి సాక్ష్యము నెట్లు సేకరింపవలెనో, విన్నదానిని చూచినదానినుండి యెట్లు వేరుచేయవలెనో, దాని నెట్లు వ్రాసిపెట్టవలెనో వివరించెను. ఈ వ్రాతపద్ధతి గొప్ప మేలు. నేడు మన రక్షణాధికారి నింపు నివేదికకు అదియే పూర్వరూపమని చెప్పదగును. కాని ఆ పద్ధతిలో పరీక్షకు నిలుచునది మొత్తము కుటుంబము. కుటుంబము నొక్క రోగిగ భావించినప్పుడు, అందులో కొట్టిన చేయి యెవరిది, కమిలిన వీపు ఎవరిది యను భేదము సులభముగ మాసిపోవును.

1920 తరువాత మనస్తత్త్వశాస్త్రము సేవాపాఠశాలలలో ప్రవేశించినది. దానివలన కొన్ని మేళ్లు కలిగినను, హింసకు గురియైన స్త్రీకి మాత్రము కీడే కలిగెను. దెబ్బకు కారణమును కొట్టినవాని చేష్టలో గాక, దెబ్బతిన్నదాని మనస్సులో వెదకు ఆచార మేర్పడినది. దీనికి ప్రసిద్ధమైన దృష్టాంతము 1964లో అమెరికాలోని యొక మనోవైద్యపత్రికలో వెలువడిన వ్యాసము. దాని శీర్షికలోనే విషయమంతయు నున్నది: భార్యను కొట్టువానిని గూర్చి గాక, “భార్యను కొట్టువాని భార్య”ను గూర్చి దానిని వ్రాసిరి. మాసచూసెట్సు రాష్ట్రమున కోర్టులు పంపిన దంపతులను పరిశీలించిన ముగ్గురు వైద్యులు, ఆమె స్వభావములోని లోపములను వర్ణించి, ఆ హింస ఆమె యవసరములను గూడ తీర్చుచున్నదని వ్రాసిరి. అజ్ఞానులు చెప్పిన మాట యైనచో దానిని తోసివేయవచ్చును. పండితులు చెప్పినందున అది పాఠమైనది. అట్టి పాఠము చదివిన సేవకురాలి యెదుట కమిలిన ముఖముతో వచ్చిన స్త్రీ కూర్చున్నచో, ఆమెకు లభించునది పరీక్షయే గాని రక్షణ కాదు. శిక్షణ లేకుండుట యెంత ప్రమాదమో, తప్పుశిక్షణ అంతకన్న ప్రమాదమని దీనివలన తెలియుచున్నది.

ఈ చీకటిని చీల్చినది విశ్వవిద్యాలయము కాదు. 1971లో లండను నగరమున చిజ్విక్ అను పేటలో ఎరిన్ పిజ్జీయు, మరికొందరు స్త్రీలును ఒక చిన్న యింట కూడికలు జరుపుకొనుచుండిరి. అచ్చటికి భర్తల దెబ్బలకు తాళలేని స్త్రీలు బిడ్డలతో వచ్చి, తిరిగి పోవుటకు నిరాకరించిరి. ఆ యిల్లే శరణాలయమైనది. అమెరికాలో మినెసోటా రాష్ట్రపు సెయింట్ పాల్ నగరమున కొందరు స్త్రీలు 1972లో న్యాయసలహాల కొరకు టెలిఫోను నేర్పాటు చేసిరి. పిలిచినవారు సలహాకన్న ముందుగ పడుకొనుటకు చోటు అడుగుచుండుటచే, ఆ కార్యకర్తలు వారిని తమ యిండ్లలోనే ఉంచుకొని, 1974లో ప్రత్యేకముగ ఆశ్రయగృహమును తెరచిరి. ఇంగ్లండులో పార్లమెంటుసభ్యుల సంఘమొకటి ఈ విషయమును విచారించిన పిమ్మట, 1976లో విడాకుల వ్యాజ్యము లేకుండనే భార్య రక్షణోత్తరువును పొందుటకు వీలు కల్పించు చట్టము వెలువడినది.

ఈ గృహముల వంటయిండ్లలో నేర్చిన సంగతులే నేటి శిక్షణకు పునాదిరాళ్లు. ఒక్క స్త్రీ చెప్పినప్పుడు అది ఆమె దురదృష్టముగ తోచును. ఇరువది మంది ఒక్కచోట కూర్చుండి చెప్పుకొన్నప్పుడు అన్ని కథలును ఒక్క అచ్చులో పోసినట్లుండెను. చేతిలో పైసా లేకుండ చేయుట, పుట్టింటివారితో మాట తెంపివేయుట, బిడ్డలను లాగుకొందునని బెదరించుట, కొట్టిన మరునాడు చీర కొనితెచ్చి కన్నీరు పెట్టుకొనుట, ఆపైని మరల కొట్టుట. “ఆమె యేల విడిచి రాదు?” అని పండితులు అడుగుచుండిన ప్రశ్నకు ఆ స్త్రీలే సమాధానము చెప్పిరి. ఎక్కడికి రావలెను? ఏమి తిని బ్రతుకవలెను? వచ్చినచో చంపెదనన్న వాని మాటను ఎవరు అడ్డుకొందురు?

ఆ సాక్ష్యమును పాఠముగ కూర్చిన కీర్తి మినెసోటాలోని డులూత్ పట్టణమునకు దక్కినది. అచ్చట 1981లో ఎలెన్ పెన్స్ మొదలగువారు పోలీసులు, న్యాయస్థానము, ప్రొబేషను ఆఫీసర్లు, ఆశ్రయగృహము, వీరందరును ఒక్క పద్ధతిని అనుసరించునట్లు ఏర్పాటు చేసిరి. 1984లో హింసకు గురియైన స్త్రీల సమావేశములలో విన్న మాటలను వారు ఒక చక్రముగ గీసిరి. దాని నడిమి ఇరుసు పెత్తనము; వెలుపలి పట్టా దెబ్బలు; నడుమ ఎనిమిది ఆకులు. బలవంతము, భయపెట్టుట, మనస్సును గాయపరచుట, ఒంటరిని చేయుట, జరిగినదానిని తేలికచేసి నింద ఆమెపై త్రోయుట, బిడ్డలను సాధనముగ వాడుట, మగవాడనను అధికారము, డబ్బు బిగబట్టుట, ఇవియే ఆ యెనిమిది. చెంపదెబ్బ ఏడాదికి రెండుసార్లే పడవచ్చును. ఆ యెనిమిది ఆకులు ప్రతిదినము తిరుగుచునే యుండును. “ఎన్నిసార్లు కొట్టినాడు?” అని మాత్రమే అడుగు సేవకురాలు హింసలో మిక్కిలి చిన్న భాగమునే చూచుచున్నదని ఈ చిత్రము బోధించినది. అది అమెరికాలో గీసిన చిత్రము గావున మన యిండ్లకు యథాతథముగ సరిపోదు. మన చక్రమున అత్తమామలకును, ఆడుబిడ్డలకును, కట్నమునకును, కులమునకును చోటు చూపవలసియుండును.

నర్సువృత్తి మరియొక పాఠమును జోడించినది. జాక్వెలీన్ క్యాంబెల్ అను నర్సు ప్రాణాపాయమును ముందుగ గుర్తించుటకు ఒక ప్రశ్నావళిని కూర్చి 1986లో ప్రకటించెను. ఇంట ఆయుధమున్నదా? చంపెదనని బెదరించినాడా? గొంతు నులిమినాడా? ఇటీవల దెబ్బల తీవ్రత పెరిగినదా? ఆమె విడిపోయి వచ్చినదా, రాబోవుచున్నదా? గొంతు నులిమినప్పుడు పైకి గాయము కనబడకపోవచ్చును. అయినను అట్లు నులుమబడిన స్త్రీ తరువాత హత్యకు గురియగు భయము అనేకరెట్లు హెచ్చునని పరిశోధనలు తేల్చినవి. ఇల్లు విడుచు దినములే మిక్కిలి అపాయకరములని గూడ తెలిసినది. కావున “వెంటనే వచ్చివేయుము” అని తొందరపెట్టు దయామయురాలును, “తిరిగి పొమ్ము” అని పంపు దయామయురాలును సమానముగ ప్రమాదమును తేగలరు. ముందుగ ప్రశ్నలడిగి, పిదప ఆమెతో కలిసి ఉపాయము నాలోచించుటయే శిక్షణ.

బిడ్డల విషయమున జరిగిన అన్యాయమును గూడ చెప్పుకొనవలెను. న్యూయార్కు నగరమున శిశుసంక్షేమశాఖవారు, తల్లి దెబ్బలు తినుచుండగా బిడ్డలు చూచిరను కారణముచేతనే ఆ బిడ్డలను తల్లినుండి తొలగించి పరాయిండ్లకు పంపుచుండిరి. తల్లి బిడ్డలకు అపాయము నాపలేకపోయినదని వారి తర్కము. 2002లో న్యాయమూర్తి జాక్ వైన్‌స్టీన్ ఈ యాచారము రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. కొట్టినవానిని విడిచి కొట్టబడినదానిని శిక్షించు ఈ పద్ధతిని నడిపినవారు క్రూరులు కారు. బిడ్డలను కాపాడుటకే జీతము తీసుకొనుచున్న ఉద్యోగులు. వారికి బిడ్డను చూచుట నేర్పిరి. తల్లిని చూచుట నేర్పలేదు.

ఇక మన దేశము. 1936లో బొంబాయిలో సర్ దోరాబ్జీ టాటా పేర సాంఘికసేవాపాఠశాల స్థాపితమైనది. నాగపాడా పేటలో సేవచేయుచుండిన క్లిఫర్డ్ మ్యాన్‌షర్ట్ అను అమెరికను దానికి మొదటి అధ్యక్షుడు. 1944లో అది టాటా సాంఘికశాస్త్రసంస్థ యైనది. ఆ విధముగ అమెరికా పద్ధతి, దాని మేలుతోను లోపముతోను, మనకు సంక్రమించినది. తెలుగువారి విషయమున దుర్గాబాయమ్మగారి పేరు తలపక తప్పదు. 1937లో మదరాసున ఆంధ్రమహిళాసభను స్థాపించిన ఆమె, 1953లో కేంద్ర సాంఘికసంక్షేమమండలికి మొదటి అధ్యక్షురాలై, దేశమంతట స్త్రీసేవాకార్యకర్తల కొక దారి చూపిరి. కుటుంబవివాదములకు ప్రత్యేక న్యాయస్థానములు వలయునని ఆ దశాబ్దముననే వాదించిన వారును ఆమెయే.

ఆ న్యాయస్థానముల చట్టము 1984లో వచ్చినది. దాని ముఖ్యోద్దేశములలో రాజీ యొకటి. ఆ సంవత్సరముననే బొంబాయి పోలీసు కమిషనరు కార్యాలయమున టాటా సంస్థవారు స్త్రీల కొరకును, బిడ్డల కొరకును ఒక ప్రత్యేకశాఖను నెలకొల్పి, శిక్షణ పొందిన సాంఘికసేవకులను పోలీసుల నడుమనే కూర్చుండబెట్టిరి. ఒక్క సంవత్సరమున పుట్టిన ఈ రెండు ఏర్పాట్లు రెండు దృష్టులకు గుర్తులు. అప్పటికి దేశమున గాలి మారియుండెను. హైదరాబాదున 1974లో ప్రగతిశీల మహిళాసంఘమును, 1978లో స్త్రీశక్తి సంఘటనయు వెలసినవి. 1979 మొదలు ఢిల్లీలో వరకట్నపు మరణములపై స్త్రీలు వీధికెక్కిరి. 1983లో భారత శిక్షాస్మృతిలో 498ఏ అను నిబంధన చేరి, భర్తయు అతని బంధువులును పెట్టు క్రూరహింస నేరమైనది. 2024 జూలై 1 నుండి ఆ నేరము భారతీయ న్యాయసంహితలోని 85, 86 నిబంధనల క్రిందకు వచ్చినది.

పోలీసు కార్యాలయమున కూర్చున్న సేవకురాలి పని రాజీకుదుర్చు పెద్దమనిషి పనివంటిది కాదు. ఆమె మొదట స్త్రీని ఒంటరిగ కూర్చుండబెట్టి వినును. ఆమె కోరునదేమో ఆమె నోటనే చెప్పించును. భర్తను పిలిపించినను, ఇరువురిని సమానదోషులుగ ఎదురెదురుగ నిలుపక, కొట్టుట మానవలెనను మాటను చర్చకు లోబడని షరతుగ ముందుంచును. స్త్రీ తిరిగి కాపురమునకే పోదలచినను అది ఆమె నిర్ణయము. సేవకురాలు వేసిన శిక్ష కాదు. ఈ పద్ధతిని తరువాత మహారాష్ట్రమంతటను వ్యాపింపజేసిరి.

ఠాణాకు రాని స్త్రీలు ఆసుపత్రికి వచ్చుచున్నారు. చేయి విరిగినదానికి మెట్లు జారితినని, ఒళ్లు కాలినదానికి స్టవ్వు పేలినదని చెప్పుచున్నారు. భర్తయు అత్తయు మంచము ప్రక్కనే నిలిచియుండగా ఇంకేమి చెప్పగలరు? బొంబాయిలోని బాంద్రా పురపాలక ఆసుపత్రిలో 2000లో “దిలాసా” యను కేంద్రము వెలసినది. సెహత్ అను పరిశోధనసంస్థయు నగరపాలకసంస్థయు కలిసి దీనిని నెలకొల్పినవి. ఇందలి విశేష మేమనగా, బయటినుండి ఉపన్యాసకులను పిలిపించుటతో తృప్తిపడక, ఆసుపత్రి వైద్యులలోను నర్సులలోను కొందరిని శిక్షకులుగ తయారుచేసి, తోటివారికి వారిచేతనే చెప్పించిరి. గాయము చెప్పుకథ వేరు, నోరు చెప్పుకథ వేరు అయినప్పుడు బంధువులను నెమ్మదిగ బయటికి పంపి, “అమ్మా, ఇట్టి దెబ్బలు ఇంట ఎవరైన కొట్టుటవలన గూడ తగులును. నీ విషయమున అట్లేమైన జరిగినదా?” అని అడుగుటకు నర్సునకు రెండు నిమిషములు చాలును. ఆ రెండు నిమిషముల ధైర్యము కలుగుటకు శిక్షణ కావలెను. ఆమె చెప్పినది చెప్పినట్లు చీటీపై వ్రాసినచో, అది రేపు న్యాయస్థానమున సాక్ష్యమగును.

2005లో పార్లమెంటు గృహహింసనుండి స్త్రీలకు రక్షణ కల్పించు చట్టమును చేసెను. అది 2006 అక్టోబరు 26 నుండి అమలునకు వచ్చినది. శరీరమునకు, మనస్సునకు, మానమునకు, ధనమునకు కలుగు హింసలను నాలుగింటిని అది గుర్తించినది. రక్షణాధికారి యను క్రొత్త ఉద్యోగమును సృష్టించి, సంఘటన నివేదిక వ్రాయుట, న్యాయసహాయమును, ఆశ్రయమును, వైద్యపరీక్షను సమకూర్చుట అతని విధులుగ విధించినది. దరఖాస్తు అందిన మూడుదినములలో మొదటి విచారణ జరుగవలెనని, అది మొదలు అరువది దినములలో తీర్పునకు యత్నింపవలెనని మేజిస్ట్రేటునకు గడువు పెట్టినది. పోలీసులకును న్యాయాధికారులకును ఈ విషయమున ఎప్పటికప్పుడు శిక్షణ నిప్పించుట ప్రభుత్వముల విధియని 11వ నిబంధన చెప్పుచున్నది. కౌన్సెలింగునుగూర్చి 2006 నాటి నియమములలో నొక మంచిమాట యున్నది: కొట్టినందులకు భర్త చెప్పు సమర్థనను కౌన్సెలింగులో చర్చకు రానీయరాదు. “కూర చల్లారినది, అందుకే కొట్టితిని” అను మాటకు అచ్చట స్థానము లేదు. వంద సంవత్సరములు సేవకులు మొదట అడుగుచు వచ్చిన ప్రశ్నను చట్టమే ఆ విధముగ కొట్టివేసినది.

వ్రాసినంత సులభముగ ఇది జరుగుట లేదు. అనేక రాష్ట్రములలో రక్షణాధికారి ఉద్యోగమును ఇతర పనులతో మునిగియున్న అధికారులకు అదనపుభారముగ అంటగట్టిరి. అంగన్వాడీల లెక్కలు చూచుకొను అధికారి సాయంకాలమున ఒక స్త్రీ కన్నీటికథను వినవలెను. విధిని ఉపేక్షించిన రక్షణాధికారికి ఏడాది జైలుశిక్షనైనను, ఇరువదివేల రూపాయల జరిమానానైనను, రెండింటినైనను చట్టము విధించుచున్నది. శిక్షింపబడుటకు అర్హుడైన ఉద్యోగి శిక్షణ పొందుటకును అర్హుడే గదా!

తెలుగుదేశమున ఈ శిక్షణ యెంత యవసరమో కొన్ని అంకెలు చెప్పగలవు. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, పెండ్లియైన స్త్రీలలో భర్తచేత హింసకు గురియైనవారు దేశమున నూటికి 29 మంది, ఆంధ్రప్రదేశమున 30 మంది, తెలంగాణమున దాదాపు 37 మంది యని తేలినది. అంతకన్న ఆలోచింపవలసిన సంగతి మరియొకటి: ఏదో యొక కారణమున భర్త భార్యను కొట్టుట సమంజసమే యని ఒప్పుకొన్న స్త్రీలు రెండు రాష్ట్రములలోను నూటికి 83 మందికి పైగ నున్నారు. సేవకురాలును, నర్సును, మహిళా కానిస్టేబులును ఆకాశమునుండి ఊడిపడరు. ఈ యిండ్లనుండియే వచ్చుచున్నారు. తల్లి దెబ్బలు తినుట చూచి పెరిగినవారు వారిలో నున్నారు. నిన్నటి రాత్రి తామే తిని నేడు ఉద్యోగమునకు వచ్చినవారును ఉందురు. కావున శిక్షణయందు మొదటి పాఠము చట్టము కారాదు. మన మనస్సున ఎప్పుడో నాటుకొన్న న్యాయమును బయటకు తీసి పరీక్షించుకొనుటయే మొదటి పాఠము.

కల్లునుగూర్చియు ఒక మాట. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. అక్షరాస్యతా తరగతులలో చదివిన పాఠము వారికి ప్రేరణ యైనది. ఆ ఉద్యమఫలముగ 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడినది. ఆ స్త్రీలు తమ యిండ్ల దెబ్బలను బహిరంగముగ చెప్పుట మన చరిత్రలో గొప్ప ఘట్టము. అయినను త్రాగని భర్తలు కొట్టుచునే యున్నారు. త్రాగిన భర్త వీధిలోని కానిస్టేబులును కొట్టక, ఇంటికి వచ్చి భార్యనే కొట్టుచున్నాడు. నాటి ఇంగ్లండు ప్రచారకుల పొరపాటును మన సేవకులు మరల చేయరాదు. కల్లు దెబ్బకు బలమిచ్చును. దెబ్బకు అనుమతి నిచ్చునది పెత్తనము.

ఇప్పుడు మనకు సాధనములు లేకపోలేదు. 2015 నుండి జిల్లాలలో సఖి కేంద్రములు వెలయుచున్నవి. 2016లో హైదరాబాదున పోలీసువారు భరోసా కేంద్రమును తెరచిరి. 181 అను టెలిఫోను సంఖ్య యున్నది. ప్రపంచారోగ్యసంస్థ 2013లో వైద్యసేవకులకు మార్గదర్శకసూత్రములను ప్రకటించినది. వాని సారము ఐదు పనులు: వినుట, ఆమె యవసరము లడుగుట, ఆమె మాటను నమ్మి ధైర్యము చెప్పుట, క్షేమమునకు ఉపాయము చూచుట, తరువాతి సహాయమునకు దారి కల్పించుట. ఇవి పైకి మిక్కిలి సులభములుగ తోచును. చేయునప్పుడే కష్టము తెలియును. భర్త యెత్తగల ఫోనునకు కబురు చేయకుండుట, ఆమె చిరునామాను గోప్యముగ నుంచుట, చేయలేని సహాయమును చేయుదునని మాట ఇయ్యకుండుట, ఆమె మూడుసార్లు తిరిగిపోయి నాల్గవసారి వచ్చినను మొదటిసారివలెనే ఆదరించుట, ఇవన్నియు అభ్యాసమువలన వచ్చునవి. ఒక్కదినపు ఉపన్యాసము, మధ్యాహ్నభోజనము, చేతికొక పత్రము, దీనిని శిక్షణ యనుట తగదు. అనుభవజ్ఞురాలి యొద్ద కూర్చుండి వినుట, తాను వ్రాసిన నివేదికను ఆమెచేత దిద్దించుకొనుట, తన బరువును చెప్పుకొనుటకు ఒక చోటుండుట, ఇవి యేండ్ల తరబడి జరుగవలెను.

ఇట్టి సేవ కాపురములను కూల్చునని కొందరు పెద్దలు భయపడుచున్నారు. వారి భయము సదుద్దేశముతో కూడినదే. అయినను 2005 నాటి చట్టము స్త్రీని ఇల్లు విడువుమని చెప్పలేదు. ఆ యింట ఉండు హక్కును ఆమెకు స్థిరపరచి, అవసరమైనచో కొట్టువానినే బయటికి పంపుటకు మేజిస్ట్రేటున కధికార మిచ్చినది. కాపురమును కూల్చునది దెబ్బయా, దెబ్బనుగూర్చి అడిగిన ప్రశ్నయా? మరికొందరు అసత్యపు ఫిర్యాదులను చూపుచున్నారు. 2014లో సుప్రీంకోర్టు 498ఏ క్రింద యాంత్రికముగ అరెస్టులు చేయరాదని పోలీసులను హెచ్చరించినది. ఆ హెచ్చరిక గూడ మంచి శిక్షణ కొరకే మొరపెట్టుచున్నది. ఓపికతో విని, చూచినదానిని విన్నదానినుండి వేరుచేసి వ్రాసిన నివేదిక నిర్దోషికిని రక్షయే. తొందరపాటు అరెస్టును, తొందరపాటు రాజీయు ఒక్క తల్లిబిడ్డలు. వాని తల్లి వినకపోవుట.

కడపట గృహస్థులతో ఒక మాట. పైని చెప్పిన సర్వేయే దేశమున దెబ్బలు తిన్న స్త్రీలలో సహాయ మడిగినవారు నూటికి 14 మంది మాత్రమే యని తెల్పినది. వారిలోను అత్యధికులు ఆశ్రయించినది ఠాణాను గాదు, ఆసుపత్రిని గాదు, పుట్టింటిని. కావున ఈ దేశమున మొదటి సేవకులు తల్లులు, తండ్రులు, అన్నదమ్ములు, వదినెలు. ఇన్ని యేండ్లలో వృత్తిసేవకులు అనేకుల కన్నీటినుండి నేర్చిన పాఠము మనకును వర్తించును. బిడ్డ సంచీతో గుమ్మమున నిలిచినప్పుడు అల్లుడెట్లున్నాడని గాని, ఊరివారేమందురని గాని అడుగవలదు. లోపలికి పిలిచి, తలుపు వేసి, అన్నము పెట్టి, ఆమె చెప్పినంతవరకు వినవలెను. తరువాత ఏమి చేయవలెనో ఆమెనే అడుగవలెను.